దొడ్లో ఓ వాక్కాయ పొద పెంచండి, పిట్టలకి అదే ఇల్లు

మన కనిగిరి, పొదిలి, ఉదయగిరి పక్క కాస్త జాగా ఖాళీగా వదిలితే చాలు చిల్లకంప లేచిపోద్ది, అదేమో అమెరికా ఖండాల నుంచి వచ్చిన చెట్టు. వాక్కాయ అట్టా కాదు, మన నేలదే, కొన్ని ఊళ్ళల్లో కలేకాయ అంటారు. జంట ముళ్ళు గట్టిగా ఉంటాయి కాబట్టి పొద లోపల పికిలిపిట్ట గూడు కట్టుకుంటే పిల్లి చేరడం చాలా కష్టం. 1986లో కడప జిల్లా లంకమల అడవిలో మళ్ళీ కనిపించిన కలివికోడి అనే అరుదైన పిట్ట ఉండేది కూడా ఇట్టాంటి ముళ్ళపొదల అడవిలోనే.

మొక్క నర్సరీలో తెచ్చుకోవచ్చు. గింజ నుంచి పెంచాలంటే నల్లగా పండిన కాయ తీసుకుని గుజ్జు కడిగేసి వెంటనే కవర్లలో నాటేయండి, గింజల్ని దాచిపెడితే మొలిచే శక్తి తొందరగా పోద్ది.

మనకి వానలు ఎక్కువగా పడేది అక్టోబరు నుంచి డిసెంబరు దాకా కదా, మొదటి వాన పడి నేల తడవగానే నాటండి. అడుగున్నర గుంత, తీసిన మట్టిలోనే బాగా మాగిన పశువుల ఎరువు కలిపితే చాలు. ఎర్రనేల, గరుసు నేల దీనికి ఇబ్బందే లేదు, నల్లరేగడైతే మాత్రం కొంచెం మట్టి ఎత్తు చేసి పెట్టండి, నీళ్ళు నిలిస్తే వేరు కుళ్ళిపోద్ది. కంచెలాగా కావాలంటే మూడేసి అడుగుల ఎడం. పిల్లలు ఆడుకునే చోట, నడిచే దారి పక్కన అస్సలు వద్దు. మేకలు కొరక్కుండా చుట్టూ ఎండు చిల్లకంప వేయండి, దానికి కాయలు లేకుండా చూసుకుని వేయండి, లేకపోతే గింజలు రాలి అదే మొలుస్తది.

మొదటి ఎండాకాలం వారానికి రెండు సార్లు బిందెడు నీళ్ళు పోయాలి, వేరు పట్టాక వాన నీళ్ళతోనే బతుకుద్ది. ఎండాకాలంలో తెల్లటి పూలు మల్లె వాసనతో విరగబూస్తాయి, తేనెటీగలు సీతాకోకలు వస్తాయి, అందుకని మందు మాత్రం కొట్టొద్దు, ఆకుని పురుగు తిన్నా తిననివ్వండి, పిట్టలు పిల్లలకి పెట్టేది ఆ పురుగుల్నే. కింద రాలిన ఆకులు కూడా ఊడ్చకండి, తొండలు అందులోనే మేత ఏరుకుంటాయి.

కత్తిరించేది కాపు అయిపోయాకే, పూత కొమ్మల చివర్లలో వస్తది కాబట్టి ముందే కోస్తే ఆ ఏడు కాయలుండవు. కత్తెర పెట్టేముందు గూడు ఉందేమో లోపలికి తొంగి చూడండి, ఉంటే పిల్లలు ఎగిరిపోయేదాకా ఆగండి. పప్పులోకి, పచ్చడికి కింది కొమ్మల పచ్చికాయలు కోసుకుని పైవి నల్లబడేదాకా పిట్టలకి వదిలేయండి, కోసేటప్పుడు కారే పాలు జిగురుగా ఉంటాయి, ముందే చేతికి నూనె రాసుకుంటే తేలిగ్గా పోతాయి.