పొలం గట్టు మీద నిలబడి విశ్వంలోని మూడు పాళ్లను పిల్లలకు చెప్పే విధానం

విశ్వంలో మనకు తెలిసిన సాధారణ పదార్థం సుమారు 5 శాతం, కంటికి కనిపించక బరువు వల్లే తెలిసే కృష్ణ పదార్థం సుమారు 27 శాతం, విశ్వం వ్యాకోచించే వేగాన్ని పెంచుతున్న కృష్ణ శక్తి సుమారు 68 శాతం. ప్లాంక్ ఉపగ్రహం కొలతల ఆధారంగా తేలిన ఈ అంకెలను బల్ల మీద వృత్తం గీసి చెప్పడం తేలికే కానీ, అలా విన్న పిల్లలు వాటిని బట్టీ పట్టి ఊరుకుంటారు. దానికన్నా మన పాలపుంతకు పొరుగున ఉన్న నక్షత్రాల మహాసమూహం ఆండ్రోమెడా గెలాక్సీని కంటితో చూపించి, అక్కడి నుంచి మొదలుపెట్టడం మేలు.

కార్తీక బహుళ పక్షం చివరి వారంలో సాయంత్రం పూట వెన్నెల ఉండదు. తుపాను మబ్బులు లేని రాత్రి దొరికితే చాలు. కోనసీమలో అసలు చిక్కు చోటుతోనే వస్తుంది. కొబ్బరి తోటలో ఆకాశం ముక్కలు ముక్కలుగా కనిపిస్తుంది, రొయ్యల చెరువుల దగ్గర లైట్ల వెలుగు కళ్లలో పడుతుంది. చీకటి కోసం అంతర్వేది దాకా వెళ్లనక్కరలేదు. మనం చూడవలసింది సముద్రం వైపు కాదు, నడినెత్తికి కాస్త ఉత్తరంగా. సార్వా కోతలు అయిపోయిన పొలం గట్టు సరిపోతుంది. పాముల భయం ఉంటుంది కనుక టార్చి వెంట ఉండాలి, దాని అద్దానికి ఎర్ర కాగితం కట్టాలి. సెల్‌ఫోన్లు కట్టేయించి, కళ్లు చీకటికి అలవాటు పడేందుకు కనీసం ఇరవై నిమిషాలు ఆగాలి.

రాత్రి 8 గంటలకు పంచాంగంలోని పూర్వాభాద్ర, ఉత్తరాభాద్ర నక్షత్రాల నాలుగు చుక్కలూ కలిసి దాదాపు నడినెత్తి మీద పెద్ద చదరంగా కనిపిస్తాయి. దేశపు ప్రామాణిక రేఖాంశం కాకినాడ సమీపంగా పోతుంది కాబట్టి, గడియారంలోని సమయాన్ని ఇక్కడ సవరించుకోవలసిన పని పెద్దగా లేదు. ఉత్తరాభాద్ర జంటలో ఉత్తరపు చుక్క నుంచి ఈశాన్యంగా సాగితే రెండోదిగా కాస్త ఎర్రని చుక్క వస్తుంది. అక్కడ వాయవ్యానికి మళ్లి, మసకగా ఉన్న రెండు చుక్కలు దాటండి. ఆ రెండో దానికి కొద్దిగా పడమరగా చిన్న మబ్బు తునకలాంటి మరక ఉంటుంది, అదే ఆండ్రోమెడా. సూటిగా చూస్తే మాయమవుతుంది, చూపు కొంచెం పక్కకు తిప్పితే తేలుతుంది. మామూలు బైనాక్యులర్‌తో స్పష్టంగా కనిపిస్తుంది. ఆ వెలుగు సుమారు 25 లక్షల ఏళ్ల కిందట బయలుదేరింది.

ఇక్కడ ముందుగా సాధారణ పదార్థం గురించి ఒక మాట చెప్పాలి. నక్షత్రాలే అందులో సింహభాగమని పిల్లలు అనుకుంటారు. నిజానికి వాటి వాటా పదో వంతు కూడా కాదు, మిగిలిందంతా ఎక్కువగా గెలాక్సీల లోపలా వాటి మధ్యా పరుచుకున్న వాయువు.

కృష్ణ పదార్థం దగ్గర తొందరపడకూడదు. సౌరకుటుంబం అంకెలతో మొదలుపెట్టండి: బుధుడు సెకనుకు సుమారు 47 కిలోమీటర్ల వేగంతో తిరుగుతుంటే, దూరాన ఉన్న నెప్ట్యూన్ వేగం 5.4 మాత్రమే. బరువంతా నడుమనున్న సూర్యుడిలోనే ఉండటం దీనికి కారణం. గెలాక్సీలోనూ వెలుగు నడుమే గుమికూడి ఉంది కాబట్టి అంచుల్లో వేగం అలాగే తగ్గాలి. అయితే ఖగోళ శాస్త్రవేత్తలు వెరా రూబిన్, కెంట్ ఫోర్డ్ ఇదే ఆండ్రోమెడాలోని వాయు మేఘాల వేగాలను కొలిచి 1970లో ప్రచురించిన ఫలితాల్లో, అంచుల వైపు వెళ్లినా వేగం అనుకున్నట్టు పడిపోలేదు. కనిపించని బరువేదో అక్కడ ఉండి వాటిని పట్టి ఉంచుతోందన్నమాట. అంతకు చాలా ముందే, 1933లో, ఫ్రిట్జ్ జ్విక్కీ కోమా గెలాక్సీల గుంపులో ఇలాంటి లెక్క తేడానే ఎత్తి చూపినా చాలాకాలం ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. ఆ పదార్థపు కణం మాత్రం ఇంతవరకూ ఏ ప్రయోగశాలకూ చిక్కలేదు. ఈ సంగతి పిల్లల దగ్గర దాచవద్దు.

ఒక పొరపాటును మొదట్లోనే తుంచేయాలి. చీకటి బాగా ఉంటే ఆ వేళకే వాయవ్యాన వాలిపోతున్న పాలపుంతలో నల్లని చారలు కనిపిస్తాయి. కృష్ణ పదార్థం అదేనా అని ఎవరో ఒకరు అడుగుతారు. కాదు, అది ధూళి, అంటే సాధారణ పదార్థమే. ధూళి వెలుగును అడ్డుకుంటుంది. కృష్ణ పదార్థం అడ్డుకోదు, అసలు వెలుగుతో దానికి పనే లేదు.

కృష్ణ శక్తికి ఆండ్రోమెడా సాక్ష్యం చెప్పలేదు. సూర్యుడితో పోల్చి చూస్తే అది సెకనుకు సుమారు 300 కిలోమీటర్ల వేగంతో మన వైపే వస్తోంది, ఎందుకంటే ఇంత దగ్గరలో గురుత్వాకర్షణదే పైచేయి. 1998లో రెండు బృందాలు విడివిడిగా పరిశీలించిన అతి దూరపు సూపర్‌నోవాలు, అంటే పేలిపోయిన నక్షత్రాలు, అనుకున్నదానికన్నా మసకగా, అంటే మరింత దూరంలో ఉండటం వల్ల, విశ్వం వ్యాకోచించే వేగం పెరుగుతోందని తేలింది. ఆ పనికి పెర్ల్‌మటర్, ష్మిట్, రీస్‌లకు 2011లో భౌతిక శాస్త్రంలో నోబెల్ బహుమతి వచ్చింది. ఆ వేగాన్ని పెంచుతున్నదానికి పెట్టిన పేరే కృష్ణ శక్తి.

ఇంత పెద్ద వాటా కంటికి ఎందుకు ఆనదో లెక్క వేయించండి. ఘనపు మీటరు చోటులో కృష్ణ శక్తిని ద్రవ్యరాశిగా మార్చి చూస్తే నాలుగు హైడ్రోజన్ పరమాణువుల బరువు కూడా సరిగా రాదు. భూమి వ్యాసార్ధం 6,371 కిలోమీటర్లుగా తీసుకుని ఘనపరిమాణం కట్టి గుణిస్తే, భూమి అంతటికీ కలిపి ఆరేడు మిల్లీగ్రాములు వస్తుంది. సూత్రం తెలిసిన తొమ్మిదో తరగతి పిల్లలు ఈ లెక్కను మర్నాడు బడిలో చేయగలరు. పరమాణువు బరువు మాత్రం మీరే రాసి ఇవ్వాలి.