చలికాలానికి ముందే కొండ ఫెర్న్‌ల మొవ్వు చూసుకోండి

కొండ ఫెర్న్‌లకు చలి కొత్త కాదు. డ్రయోప్టెరిస్ ఫిలిక్స్-మాస్ లాంటివి సున్నాకు 20 డిగ్రీలు దిగువన కూడా మట్టిలోని దుంపకాండంలో ప్రాణం నిలుపుకుని, వసంతంలో మళ్లీ చిగురిస్తాయి. అలాంటి మొక్క తోటలో చనిపోయిందంటే నేను ముందు అనుమానించేది చలిని కాదు, మొవ్వులో నిలిచిన తడిని.

ఆకులన్నీ గుత్తిగా బయల్దేరే చోటే మొవ్వు. అది నేల మట్టానికి సమంగానో కాస్త పైకో ఉండాలి. వానలకు మట్టి కొట్టుకొచ్చి పూడిపోయి ఉంటే గునపం వాడకండి, చేతివేళ్లతో మెల్లగా తీసేయండి. పక్కన చిన్న గుంత తీసి నీళ్లు పోసి చూడండి. గంటలు గడిచినా ఇంకకపోతే అక్కడ మొక్క చలికాలం గట్టెక్కడం కష్టం. చివికిన ఆకుల ఎరువు, ముతక ఇసుక కలిపి నేలను ఎత్తు చేసి నాటాలి. ఆ పని చలి ముదరడానికి కనీసం ఆరు వారాల ముందే అయిపోవాలి. వేళ్లు పట్టుకోని మొక్కను, మట్టి గడ్డకట్టి కరిగే ప్రతిసారీ నేల పైకి నెట్టేస్తుంది.

చుట్టూ 5 నుంచి 8 సెంటీమీటర్ల మందాన ఎండుటాకులు పరవండి, మొవ్వు మీద మాత్రం వద్దు. ఎరువులు ఇప్పుడు ఆపేయండి. లేత చిగురు వస్తే చలికి మాడిపోతుంది.

వాడిన ఆకులు చూడ్డానికి బాగోవు, నిజమే. అయినా దయచేసి కత్తిరించకండి. మొవ్వు మీదికి వాలిన ఆ ఆకులే దానికి దుప్పటి. వసంతంలో చుట్టలుగా ఉండే కొత్త ఆకులు విప్పుకోబోయే ముందు తీస్తే చాలు. ఆకు అడుగున వరుసగా కనిపించే గోధుమరంగు చుక్కలు పురుగులు కావు, ఫెర్న్‌కు విత్తనాల బదులుండే సిద్ధబీజాల గుంపులు. వాటి మీద మందు కొట్టకండి.

పాలిస్టికమ్ లాంటి నిత్యపచ్చని రకాలకు పొడిగాలి ప్రమాదం. మట్టి గడ్డకట్టాక వేళ్లు నీళ్లు పీల్చలేవు, ఆకుల తేమనేమో గాలి లాగేస్తుంది. అందుకని వానలు లేకపోతే ముందుగానే మొక్క మొదలు దగ్గర నిండుగా తడపండి, మొవ్వులో పోయకుండా. కుండీల్లో ఉన్నవాటిని గోడ చాటుకు చేర్చండి. కుండీలో వేళ్లకు చలి నలువైపుల నుంచీ తగులుతుంది.

చుట్టలు విచ్చుకునే వారాల్లో రాత్రి చలి మళ్లీ ముంచుకొస్తే, సాయంత్రమే పలుచని గుడ్డ కప్పి పొద్దున తీసేయండి.