వేలంలో పాత కారు కొనాలంటే ముందు కార్పెట్ లేపి చూడండి

మా నాన్న గుంటూరు మిర్చి యార్డులో ఒక కమిషన్ కొట్లో గుమాస్తాగా చేశారు. వేసవి సెలవుల్లో నన్ను వెంట తీసుకెళ్ళేవారు. అక్కడ కొనేవాళ్ళు టిక్కీ (మిర్చి బస్తా) మూతి దగ్గర కాయ చూసి ధర చెప్పరు. మోచేతి దాకా చెయ్యి లోపలికి పెట్టి అడుగు కాయ తీస్తారు. దాన్ని తుంచి గింజ చూస్తారు, తేమ ఎంతుందో గుప్పిట్లో నలిపి చూస్తారు. ఆ తర్వాతే నోరు విప్పుతారు. పైన ఎర్రగా నిగనిగలాడే కాయ, అడుగున తాలు ఉన్న టిక్కీలు చిన్నప్పుడే చాలా చూశాను.

అంత చూసినవాణ్ణి, 2009లో నా మొదటి కారు వేలంలో మాత్రం పై కాయ చూసి పాట పాడాను. హైదరాబాద్‌లో ఒక ప్రైవేటు వేలం అది. 1968 అంబాసిడర్ మార్క్ టూ, మీగడ రంగు, అద్దంలా మెరుస్తోంది. 1,85,000కి నాదైంది. లారీ మీద విజయవాడ ఆటోనగర్‌కి తెచ్చాక మా మేస్త్రి బానెట్ ఎత్తలేదు. డ్రైవర్ వైపు తలుపు తీసి, మోకాళ్ళ మీద కూర్చుని, "ముందు కార్పెట్ లేపుదాం బాబూ" అన్నారు. కింద ఫ్లోర్ లేదు. రేకు ముక్క వేసి రివెట్లు కొట్టి, పైన తారు పూశారు. మేస్త్రి స్క్రూడ్రైవర్‌తో నొక్కితే అది అప్పడంలా విరిగింది, ఆ కన్నంలోంచి షెడ్డు నేల కనపడింది. ఫ్లోరు, తలుపుల కింద పట్టీలు కట్టించడానికి మరో 1,40,000 అయ్యాయి. ఇంజన్ నంబరు ఆర్సీతో కలవకపోవడం వల్ల కాగితాలకు ఇంకో పధ్నాలుగు నెలలు తిరిగాను. మీకు అలాంటిది జరగకూడదనే ఇదంతా రాస్తున్నాను.

ఏ బండి కోసం వెళుతున్నారు?

వేలానికి వెళ్ళి, అక్కడున్న వాటిలో ఏది నచ్చితే అది పాడదాం అనుకోకండి. ముందే ఒక మోడల్ అనుకుని, దాని గురించి బాగా తెలుసుకుని వెళ్ళండి. మన ప్రాంతంలో మొదటిసారి కొనేవాళ్ళకి అంబాసిడర్ లేదా ఫియట్ మంచిదని నా అభిప్రాయం. అంబాసిడర్ 1950ల చివర్లో మొదలై 2014 వరకు తయారైంది. అన్నేళ్ళు నడిచిన బండి కాబట్టి విడిభాగాలు, చెయ్యి తిరిగిన మేస్త్రీలు ఇంకా దొరుకుతారు. ఫియట్ 1100 తర్వాత ప్రీమియర్ పద్మిని పేరుతో చాలా ఏళ్ళు వచ్చింది, దానికీ ఇబ్బంది లేదు. మద్రాసులో తయారైన స్టాండర్డ్ హెరాల్డ్ అంటే నాకు ప్రాణం. అది ఇంగ్లండ్ బండి ట్రయంఫ్ హెరాల్డ్‌కి మన దేశపు రూపం. అక్కడ దానికి ఇప్పటికీ భాగాలు చేసేవాళ్ళున్నారు కాబట్టి ఇంజన్ సామాను తెప్పించుకోవచ్చు. మన దగ్గర వేసిన క్రోమ్ పట్టీలు, లైట్ల అద్దాలు వెతకడమే కష్టం. డాడ్జ్, షెవర్లే లాంటి అమెరికన్ బండ్ల జోలికి మొదటిసారే వెళ్ళొద్దు.

తనిఖీ రోజు

మామూలుగా వేలానికి ముందు బండి చూసుకోవడానికి ఒకటి రెండు రోజులు ఇస్తారు. ఆన్‌లైన్ వేలమైనా సరే, బండి ఉన్న ఊరు వెళ్ళి చూడాల్సిందే. ఫొటోలో తుప్పు కనపడదు, వాసన రాదు. నియమాల్లో "ఉన్నది ఉన్నట్టుగా" అని రాసి ఉంటుంది. కొన్నాక ఏం బయటపడినా భారం మనదేనని దానర్థం.

నా సంచిలో టార్చి, ఒక చిన్న అయస్కాంతం, పలచటి గుడ్డ, తెల్ల కాగితం, పెన్సిలు, పాత దుప్పటి ఉంటాయి. దుప్పటి బండి కింద పడుకోవడానికి. పడుకోవడానికి మొహమాటపడకండి, అక్కడ మిమ్మల్ని ఎవరూ చిన్నచూపు చూడరు.

అయస్కాంతాన్ని గుడ్డలో చుట్టి, మడ్‌గార్డు పైనుంచి కిందికి నెమ్మదిగా జరపండి. ఇనుము ఉన్నంతసేపూ అది వేలిని లాగుతూ ఉంటుంది. పుట్టీ మందంగా పెట్టిన చోటికి రాగానే పట్టు వదిలేసి జారిపోతుంది. ఒకసారి ఒక ఫియట్ వెనక చక్రం పైన జానెడు మేర అలా జారింది. వేలితో కొట్టి చూశాను. మిగతా చోట ఠంగుమని మోగింది, అక్కడ గోడని తట్టినట్టు ధబ్‌మంది. రంగు మాత్రం అన్ని చోట్లా ఒకేలా ఉంది.

ఫియట్‌కీ అంబాసిడర్‌కీ విడిగా చాసిస్ (బండిని మోసే అడుగు ఫ్రేము) ఉండదు, బాడీయే బండిని మోస్తుంది. అందుకే ఫ్లోరు, తలుపుల కింద పట్టీలు, జాకీ పెట్టే చోట్లు, వెనక పట్టీ స్ప్రింగులు బాడీకి కలిసే చోట్లు తుప్పు పడితే బండి నడుమే పోయినట్టు. స్టెప్నీ తీయించి డిక్కీ అడుగు కూడా చూడండి, నీళ్ళు నిలిచేది అక్కడే. హెరాల్డ్‌కి చాసిస్ వేరుగా ఉంటుంది. దాని బానెట్ మడ్‌గార్డులతో సహా ముందుకి వాలుతుంది కాబట్టి ముందు భాగం మొత్తం సులువుగా కనపడుతుంది. వెనక భాగానికి మాత్రం కింద పడుకోక తప్పదు. బాపట్ల, మచిలీపట్నం లాంటి సముద్రం దగ్గరి ఊళ్ళలో పెరిగిన బండి అయితే ఉప్పుగాలి తిని ఉంటుంది, ఇంకాస్త ఎక్కువసేపు చూడండి.

మీరు వచ్చేదాకా ఇంజన్ స్టార్ట్ చేయొద్దని ముందురోజే చెప్పండి. వెళ్ళగానే బానెట్ మీద చెయ్యి పెట్టి చూడండి. వేడిగా ఉందంటే మీకంటే ముందే ఎవరో వేడెక్కించారన్నమాట. స్టార్ట్ అయ్యాక నీలం పొగ వస్తుంటే ఇంజన్ ఆయిల్ తాగుతోంది. వేడెక్కాక కూడా తెల్ల పొగ ఆగకపోతే రేడియేటర్ నీళ్ళు ఇంజన్ లోపలికి వెళుతున్నాయి. ఆయిల్ పోసే మూత తిప్పి లోపలి వైపు చూడండి, వెన్నలాంటి తెల్లటి జిగురు ఉంటే అదే అనుమానం. ఇంజన్ పని మన దగ్గర చేయించుకోగలం కాబట్టి దానికి భయపడక్కర్లేదు, ఆ ఖర్చు లెక్కలో వేసుకోండి చాలు. తుప్పు సంగతి అలా కాదు, విప్పేకొద్దీ బయటపడుతూనే ఉంటుంది.

ఇంకో మాట. రంగు వెలిసి, సీటు పిగిలిన అసలు బండికీ, నిన్న రంగు వేసిన బండికీ మధ్య ఎంచుకోమంటే నేను ఎప్పుడూ వెలిసిన బండినే ఎంచుకుంటాను. వెలిసిన రంగు కింద ఏముందో తెలుస్తుంది. పైగా మొదటి రంగు, మొదటి అద్దాలు, మొదటి మీటర్లు ఒకసారి పోతే ఎంత డబ్బు పెట్టినా మళ్ళీ రావు.

కాగితాలు

చాసిస్ నంబరు మీద కాగితం పెట్టి పెన్సిల్‌తో రుద్ది ప్రింట్ తీసుకోండి. ఇంజన్ నంబరు టార్చి వేసి చదవండి. రెండూ ఆర్సీతో అక్షరం అక్షరం కలవాలి. పాత అంబాసిడర్లలో పెట్రోల్ ఇంజన్ తీసేసి డీజిల్ పెట్టించినవి చాలా ఉన్నాయి. అది ఆర్సీలో ఎక్కిందో లేదో చూడండి. అప్పు మీద కొన్న బండయితే ఆర్సీలో ఫైనాన్స్ పేరు ఉండిపోతుంది. ఆ సంస్థ సంతకంతో ఫారం 35 లేకుండా అది తొలగదు. బండి వేరే రాష్ట్రానిదైతే ఫారం 28 మీద ఎన్వోసీ (అభ్యంతరం లేదని అక్కడి ఆర్టీవో ఆఫీసు ఇచ్చే కాగితం) కావాలి. ఓనరు చనిపోయి ఉంటే వారసుల పేరు మీదికి మారిందా అని అడగండి. మారకపోతే నేనైతే పాట పాడను.

ప్రభుత్వం వేసే వేలంలో కొంటే పేరు మార్పుకు ఫారం 32, బండి చేతికొచ్చిన 30 రోజుల్లోగా. ప్రైవేటు వేలమైతే మామూలుగా 29, 30 ఫారాలు. అమ్మేవాళ్ళ సంతకాలు అక్కడికక్కడే పెట్టించుకోండి, తర్వాత ఫోన్లు ఎత్తరు.

యాభై ఏళ్ళు దాటి, చాసిస్, బాడీ, ఇంజన్ పెద్దగా మార్చకుండా ఉన్న బండికి వింటేజ్ రిజిస్ట్రేషన్ ఉంది. 2021 జులైలో కేంద్రం ఈ నిబంధనలు తెచ్చింది. కొత్తగా చేయిస్తే ఫీజు 20,000, పదేళ్ళు చెల్లుతుంది. నంబరులో వీఏ అని వస్తుంది. ముందే రిజిస్టరై ఉన్న బండి పాత నంబరు ఉంచుకోవచ్చు. అయితే వింటేజ్ కింద చేయించిన బండిని రోజూ రోడ్డు మీద తిప్పకూడదు. ర్యాలీలు, ప్రదర్శనలు, పెట్రోలు, రిపేరు లాంటి వాటికే తీయాలి. ఆదివారం పిల్లల్ని ఎక్కించుకుని ఉండవల్లి గుహలకి వెళదామనుకునేవాళ్ళు ఇది ముందే ఆలోచించుకోవాలి.

బండి చరిత్ర కూడా కాగితాలతో సమానమే. 2022 మేలో 1955 నాటి మెర్సిడెస్ 300 ఎస్‌ఎల్‌ఆర్ కూపే 13.5 కోట్ల యూరోలకి పోయింది. తయారైనవి రెండే. అన్నేళ్ళూ కంపెనీ దగ్గరే ఉంది కాబట్టి దాని పుట్టుపూర్వోత్తరాల మీద ఎవరికీ అనుమానం లేదు. మన బండికి ఆ స్థాయి లేకపోయినా, మొదటి ఓనరు కొన్న బిల్లు, పాత సర్వీసు చీటీలు ఉంటే కొంచెం ఎక్కువ పాడొచ్చు.

అంకె ఇంట్లోనే రాసుకోండి

నా హెరాల్డ్ లెక్క చెబుతాను. అది 1967 నాటి రెండు తలుపుల బండి. మొత్తం 4,20,000 దాటకూడదని ఇంట్లో అనుకున్నాం. 2,60,000కి పాడితే వేలం సంస్థకి కమిషన్ 10 శాతం అంటే 26,000, దాని మీద 18 శాతం జీఎస్టీ 4,680. లారీకి 22,000, కాగితాలకి 15,000. బ్రేకులు, టైర్లు, రబ్బర్లు, వైరింగ్‌కి 90,000. కూడితే 4,17,680. కాబట్టి నా ఆఖరి పాట 2,60,000. కమిషన్ ఒక్కో చోట ఒక్కోలా ఉంటుంది, ధరావతు కట్టేముందే అడగండి. నేను ఆ అంకెని చీటీ మీద రాసి, నా భార్య చేతికిచ్చి పక్కన కూర్చోమన్నాను. ఇది తప్పకుండా చేయండి. హాల్లో గుండె దడదడలాడుతున్నప్పుడు కొత్తగా లెక్కలు వేయడం ఎవరి వల్లా కాదు.

పాట

వెళ్ళగానే వెనక వరసలో ఒక పక్కకి కూర్చోండి, ఎవరెవరు పాడుతున్నారో కనపడుతుంది. మీ బండి కంటే ముందు నాలుగైదు పాటలు ఊరికే వినండి. ఎంతకెంత పెంచుతున్నారు, రిజర్వు ధర (అమ్మేవాళ్ళు పెట్టుకున్న కనీస ధర) రాక వెనక్కి వెళ్ళినవి ఎన్ని, డీలర్లు ఎక్కడ ఆగుతున్నారు అన్నీ అర్థమవుతాయి. అమ్మే మనిషి తరఫువాళ్ళే దొంగ పాట పాడి ధర పెంచడం కూడా ఉంటుంది. అది పట్టుకోవడం కష్టం. చీటీలో అంకె ఉంటే ఎవరు పెంచినా మీరు మునగరు.

నా హెరాల్డ్ 1,20,000 దగ్గర మొదలైంది. 2,00,000 దాటేసరికి నేనూ ఇంకొకాయనా మిగిలాం. ఐదేసి వేలు. నేను ఆలస్యం చేయకుండా, ఆయన అనగానే అనేవాణ్ణి. తటపటాయిస్తే ఎదుటివాడికి ధైర్యం వస్తుంది. ఆయన 2,50,000 అన్నారు. నేను 2,55,000. ఒకటోసారి, రెండోసారి అన్నప్పుడు నా భార్య నా మోచెయ్యి పట్టుకుంది. ఆయన తల అడ్డంగా ఊపి కూర్చున్నారు.

అంతకు ముందు ఏడాది ఒక 1964 ఫియట్ 3,10,000కి పోయింది, నా అంకె 2,90,000. ఆపేశాను. వారం రోజులు నిద్రపట్టలేదు, ఆ బండి స్టీరింగ్ ఇప్పటికీ కళ్ళలో మెదులుతుంది. అయినా ఆపినందుకు బాధ లేదు.

ఆన్‌లైన్‌లో ఆఖరి నిమిషంలో పాడి కొట్టేద్దామనుకోవద్దు. చాలా చోట్ల ఆఖర్లో పాట పడితే గడువు ఇంకొన్ని నిమిషాలు పొడిగిస్తారు. మీ అంకె దాకా పాడండి, అది దాటితే ఫోన్ పక్కన పెట్టేయండి.

మీదయ్యాక

నడుపుకుంటూ ఇంటికి తేవద్దు. ఏళ్ళ తరబడి నిలబడిన బండిలో బ్రేకుల రబ్బర్లు గట్టిపడి ఉంటాయి. మొదటి రెండుసార్లు పట్టి మూడోసారి పెడల్ నేలకి ఆనేస్తుంది. లారీ ఎక్కించండి, ఎక్కించేముందు చుట్టూ ఫొటోలు తీయండి, దారికి ఇన్సూరెన్స్ తీసుకోండి. వచ్చాక పాత పెట్రోలు మొత్తం తీసేసి ట్యాంకు కడిగించాకే స్టార్ట్ చేయండి.

నా హెరాల్డ్ ఒక తెల్లవారుజామున బ్రాడీపేటలో మా ఇంటి ముందు లారీ దిగింది. పాతిక అడుగుల చోటుంటే తిరిగిపోయే బండి కదా, మా అడ్డరోడ్డులో దాన్ని తోస్తూ గేటులోకి తిప్పడానికి ఇద్దరం సరిపోయాం. నాన్నకి అప్పటికి ఎనభై దాటాయి. చేతికర్ర పట్టుకుని వచ్చి బండి చుట్టూ ఒకసారి తిరిగారు. రంగు గురించి ఏమీ అనలేదు. తలుపు తీయమని, కర్ర నా చేతికిచ్చి, వంగి, కార్పెట్ కింద మోచేతి దాకా చెయ్యి పెట్టారు. బయటికి తీసి అరచెయ్యి వెలుతురులో చూసుకున్నారు. దుమ్ము ఉంది, తడి లేదు, తుప్పు లేదు.

"ఎంతకి పాడావురా?" అన్నారు.