ఎడారి మిణుగురుల చుట్టరికాన్ని డీఎన్ఏ ద్వారా తెలుసుకోవడం ఎలా?

ఎడారిలో మిణుగురులు ఉంటాయా అని అడిగేవారు హైదరాబాదు చుట్టుపక్కల వేసవిని గుర్తుచేసుకోవాలి: బండల నడుమ నేలంతా ఎండిపోయి, ఒక్కొక్క కుంట దేనికదిగా మిగిలిపోతుంది. అమెరికాలోని అరిజోనాలో బైసెల్లోనికా వికర్షామోరమ్ అనే మిణుగురు ఇలాగే ఊటల చుట్టూ, చిత్తడి నేలల్లో ఉన్న తడిని పట్టుకుని బతుకుతుంది. ఊటకూ ఊటకూ మధ్య రాకపోకలు తగ్గినచోట ఒక్కో గుంపులో జన్యుమార్పులు విడివిడిగా పోగవుతాయి. ఇంట్లో కంప్యూటరు, నెట్ ఉంటే ఆ మార్పులను మనమే చదవవచ్చు.

ముందుగా ప్రశ్నను తేల్చుకోవాలి. జాతుల మధ్య చుట్టరికానికి జాతికి ఒకటి రెండు డీఎన్ఏ వరుసలతో, అంటే ఏ, సీ, జీ, టీ అనే అక్షరాల క్రమాలతో, మొదలుపెట్టవచ్చు. ఒకే జాతిలోని వైవిధ్యం తెలియాలంటే మాత్రం ప్రతి ఊట నుంచీ అనేక పురుగుల వరుసలు కావాలి.

తరువాత జెన్‌బ్యాంక్ అనే ఉచిత భాండారంలో లాంపిరిడే (మిణుగురుల కుటుంబం), సీఓఐ (కణానికి శక్తినిచ్చే మైటోకాండ్రియాలోని ఒక జన్యువు) పేర్లతో వెతికి, వరుసలను ఫాస్టా అనే సాదా పాఠ్య రూపంలో దించుకోవాలి. సాధారణంగా వాడే భాగం 658 అక్షరాల పొడవుంటుంది. సేకరించిన చోటు రాయని వరుసలను నేనైతే పక్కన పెడతాను. ఫెంగోడిడే అనే దగ్గరి కుటుంబం నుంచి ఒక వరుసను తప్పక చేర్చాలి. తరువాత గీయబోయే చుట్టరికపు చెట్టుకు వేరు ఎక్కడో చూపేది అదే.

మెగా అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో వరుసలను ఒకదాని కింద ఒకటి సరిగా అమర్చడం అన్నిటికంటే శ్రద్ధ అవసరమైన పని. మూడేసి అక్షరాలు ఏ ప్రొటీను ముక్కను (అమైనో ఆమ్లాన్ని) సూచిస్తాయో చెప్పే జన్యుసంకేత పట్టికను అకశేరుకాల మైటోకాండ్రియాదిగా ఎంచుకోవాలి, ఎందుకంటే సాధారణ పట్టికలో 'ఆగు' అని చెప్పే టీజీఏ ఇక్కడ అమైనో ఆమ్లమైన ట్రిప్టోఫాన్‌ను సూచిస్తుంది. పట్టిక సరైనదే అయినా నడుమ ఆగు సంకేతం కనబడితే, అది కణ కేంద్రకంలోకి చేరిపోయిన పాత నకలు కావచ్చు గనుక తీసివేయాలి.

ఆపై మాగ్జిమమ్ లైక్‌లీహుడ్ (ఈ వరుసలు రావడానికి అత్యధిక సంభావ్యత ఉన్న చెట్టును ఎంచే) పద్ధతిలో చెట్టును గీయించి, 1,000 సార్లు బూట్‌స్ట్రాప్ చేయించాలి, అంటే వరుసల్లోని స్థానాలను యాదృచ్ఛికంగా మళ్లీమళ్లీ తీసి చెట్టు గీయించి, ఒక్కో కొమ్మ నూటికి ఎన్నిసార్లు వస్తుందో చూడాలి. 70 కంటే తక్కువ అంకె వచ్చిన కొమ్మను నేను నమ్మను.

వైవిధ్యానికి పాప్‌ఆర్ట్ అనే సాఫ్ట్‌వేర్‌లో హాప్లోటైపుల (వేర్వేరు వరుస రకాల) వల గీయాలి. ఒక్కో ఊటకు ఒక్కో హాప్లోటైపు తేలినా తొందరపడకూడదు: మైటోకాండ్రియా తల్లి నుంచే వస్తుంది, మైక్రోఫోటస్ వంటి ప్రజాతుల్లో ఆడపురుగుకు రెక్కలే ఉండవు, కాబట్టి మగవి ఎగిరి కలుస్తున్నా ఈ జన్యువులో ఆ సంగతి కనబడదు. పైగా తల్లి ద్వారానే సంక్రమించే వోల్బాకియా బ్యాక్టీరియా ఈ చిత్రాన్ని తారుమారు చేయగలదు. అందుకే వింగ్‌లెస్ వంటి కేంద్రక జన్యువుతోనూ (తల్లిదండ్రులిద్దరి నుంచీ వచ్చే దానితో) చెట్టు గీయాలి. అందులోనూ అవే కొమ్మలు బలంగా వస్తే, అప్పుడు ఆయా ఊటల మిణుగురులను వేర్వేరు గుంపులుగా నమోదు చేసుకోవచ్చు.