ముట్లుడిగే వయసులో థైరాయిడ్: మందుల షాపు కౌంటర్ దగ్గర నేను చెప్పే మాటలు

హనుమకొండ చౌరస్తా దగ్గర మాది మందుల షాపు. ఫార్మసిస్టును నేనే కాబట్టి రోజంతా కౌంటర్ దగ్గర ఉండేదీ నేనే. డాక్టరును కాను, జబ్బు తేల్చడం నా పని కాదు. కానీ డాక్టరు గదిలో మొహమాటపడి అడగలేనివన్నీ ఆడవాళ్ళు మా కౌంటర్ దగ్గర అడుగుతారు. నలభై దాటినవాళ్ళు ఎక్కువగా అడిగేది ఒకటే: "అక్కా, ఈ నీరసం థైరాయిడ్ వల్లనా, డేట్లు ఆగిపోయే వయసు వల్లనా?"

రెండూ కావచ్చు. మన దేశంలో ఆడవాళ్ళకు సగటున 46, 47 ఏళ్ళకు నెలసరి ఆగిపోతుంది (మెనోపాజ్). అంతకు ముందు కొన్నేళ్ళు ఈస్ట్రోజెన్ అనే ఆడ హార్మోన్ ఒక నెల పెరిగి, ఒక నెల పడిపోతూ ఉంటుంది. మెడలో ఉండే థైరాయిడ్ గ్రంథి మందగించడం కూడా మగవాళ్ళ కంటే ఆడవాళ్ళలోనే చాలా ఎక్కువ, వయసు పెరిగేకొద్దీ ఇంకా ఎక్కువ. అందుకే రెండూ ఒకేసారి వచ్చి మీద పడతాయి. అంతే తప్ప నెలసరి ఆగడం వల్లనే థైరాయిడ్ చెడిపోతుందని ఎవరైనా గట్టిగా చెబితే నమ్మకండి. ఎక్కువమందిలో అసలు కారణం, ఒంట్లోని రక్షణ వ్యవస్థ పొరబడి ఆ గ్రంథి మీదనే దాడి చేయడం. దాన్నే హషిమోటో అంటారు.

నేను చూసినంతలో ఈ వయసులో థైరాయిడ్‌ను తిప్పలు పెట్టేది ఇంకొకటి ఉంది: కొత్తగా ఇంట్లోకి వచ్చే మిగతా గోలీలు. ఎముకలకు క్యాల్షియం, రక్తం తగ్గిందని ఐరన్, గ్యాస్ గోలీ, జుట్టుకు బయోటిన్, ఆవిర్లకు హార్మోన్ గోలీ. ఒక్కొక్కటి ఒక్కో డాక్టరు రాస్తారు. ఇంటికి పోయాక అన్నీ ఒకే డబ్బాలో పడతాయి, ఒకే గ్లాసు నీళ్ళతో లోపలికి పోతాయి.

ముందు లక్షణాలు విడదీసి చూడండి

మే నెలలో వరంగల్ ఎండకు ఎవరికి చెమట పట్టదు? అయినా తేడా తెలుస్తుంది. మెనోపాజ్ ఆవిరి ఉన్నట్టుండి ఛాతీ నుంచి మెడకు, ముఖానికి ఎగబాకుతుంది. కొద్ది నిమిషాలు ఉండి, చెమట పోసి దిగిపోతుంది. ఆ వెంటనే కొందరికి చలి కూడా వేస్తుంది. థైరాయిడ్ మరీ ఎక్కువగా పనిచేసేవాళ్ళ వేడి ఇలా వచ్చిపోయేది కాదు, రోజంతా అంటిపెట్టుకునే ఉంటుంది. దానికి తోడు బాగానే తింటున్నా బరువు తగ్గుతుంది, మోషన్లు ఎక్కువవుతాయి, చేతులు వణుకుతాయి. రెండు చేతులూ ముందుకు చాపి వేళ్ళ మీద ఒక కాగితం పెట్టి చూడండి. సన్నటి వణుకు ఉంటే కాగితం అంచు అదురుతుంది. కుదురుగా కూర్చున్నప్పుడు కూడా నాడి నిమిషానికి 100 దాటుతుంటే ఆవిర్లే కదా అని ఊరుకోవద్దు.

పరకాల వైపు నుంచి వచ్చే ఒక పెద్దమ్మ, "ఏం జేయాలె బిడ్డా, గీ ఉడుకు తోని పానం పోతాంది" అంది. జాకెట్లన్నీ వదులయ్యాయని మాటల్లో తానే చెప్పింది. డబ్బులు లెక్కపెడుతుంటే వేళ్ళు వణుకుతున్నాయి. ఈ వయసులో మామూలేనని ఇంట్లోవాళ్ళు చాలాకాలంగా సర్దిచెబుతున్నారట. పరీక్ష చేయిస్తే టీఎస్‌హెచ్ దాదాపు సున్నా, అంటే థైరాయిడ్ మరీ ఎక్కువగా పనిచేస్తోందన్నమాట.

థైరాయిడ్ మందగించిన వాళ్ళది దీనికి తలకిందులు. అందరూ ఫ్యాను కింద కూర్చుంటే వీళ్ళు కొంగు కప్పుకుంటారు. మలబద్ధకం, గొంతు బొంగురు, పొద్దున లేవగానే ఉబ్బిన ముఖం, పొడిబారిన చర్మం. ఇవి మెనోపాజ్ కంటే థైరాయిడ్ వైపే ఎక్కువగా వేలు చూపిస్తాయి. నిద్ర పట్టకపోవడం, మతిమరుపు, చిరాకు, బరువు పెరగడం, జుట్టు ఊడటం మాత్రం రెండింట్లోనూ ఉంటాయి. వాటిని బట్టి ఏదీ తేల్చలేం. రక్తపరీక్ష ఒకటే దారి.

పరీక్షకు పోయేటప్పుడు

టీఎస్‌హెచ్, ఫ్రీ టీ4 (రక్తంలో ఉండే థైరాయిడ్ హార్మోన్) చాలు, వీటితోనే మొదలుపెట్టండి. టీఎస్‌హెచ్ వచ్చేది థైరాయిడ్ నుంచి కాదు, మెదడు కింద ఉండే పిట్యూటరీ గ్రంథి నుంచి. సరిగా వినబడని మనిషిని పిలిచేటప్పుడు గొంతు పెంచినట్టు, థైరాయిడ్ మందగిస్తే పిట్యూటరీ టీఎస్‌హెచ్ పెంచుతుంది. అందుకే అంకె ఎక్కువైతే థైరాయిడ్ తక్కువ అని అర్థం. ఇది తెలియక "నాకు థైరాయిడ్ ఎక్కువైంది" అంటూ వచ్చేవాళ్ళే ఎక్కువ.

చాలా ల్యాబుల్లో మామూలు హద్దు 0.4 నుంచి 4 చుట్టుపక్కల ఉంటుంది. టీఎస్‌హెచ్ 6 అనో 7 అనో వచ్చి, ఫ్రీ టీ4 సరిగ్గానే ఉంటే బెంగ పెట్టుకోవద్దు. రెండు మూడు నెలలాగి మళ్ళీ చేయించమనే డాక్టర్లు ఎక్కువ, కొన్నిసార్లు అది దానంతటదే దిగుతుంది. 10 దాటితే సాధారణంగా మందు మొదలుపెడతారు. మధ్యలో ఉన్నవాళ్ళకు యాంటీ టీపీఓ అనే పరీక్ష ఒకసారి రాస్తారు. అది పాజిటివ్ అయితే ముందు ముందు థైరాయిడ్ మందగించే అవకాశం ఎక్కువ. ప్రతిసారీ దాన్ని చేయించడం డబ్బు దండగ.

నెలసరి గతి తప్పిందని ఎఫ్‌ఎస్‌హెచ్ (అండాశయాలను నడిపించే హార్మోన్) పరీక్ష కూడా చేయించమంటారా అని అడుగుతారు. 45 దాటాక మామూలుగా దాని అవసరం ఉండదు. ఆ అంకె ఈ వారం ఒకలా, వచ్చే వారం ఇంకోలా ఉంటుంది. వరుసగా 12 నెలలు నెలసరి రాకపోతే అదే మెనోపాజ్, దానికి రిపోర్టు అక్కర్లేదు.

రక్తం ఇచ్చే రోజు థైరాయిడ్ గోలీ రక్తం ఇచ్చాకే వేసుకోండి. ప్రతిసారీ ఒకే ల్యాబు, ఇంచుమించు ఒకే వేళ అయితే పోల్చడం తేలిక, ఎందుకంటే టీఎస్‌హెచ్ తెల్లవారుజామున ఎక్కువగా ఉండి మధ్యాహ్నానికి తగ్గుతుంది. జుట్టు కోసం బయోటిన్ వాడేవాళ్ళు కనీసం రెండు మూడు రోజుల ముందు ఆపాలి. ఆ విటమిన్ ఒంటికి చెడు చేయదు కానీ, చాలా ల్యాబుల్లో పరీక్షనే తప్పుదారి పట్టిస్తుంది. టీఎస్‌హెచ్ ఉన్నదాని కంటే తక్కువగా, టీ4 ఎక్కువగా చూపిస్తుంది. జుట్టు ఊడుతోందని బయోటిన్ మొదలుపెట్టి, అదే జుట్టు గురించి థైరాయిడ్ పరీక్షకు పోతారు చూడండి, అక్కడ వస్తుంది చిక్కు.

డబ్బు ఇబ్బంది ఉంటే మీ పీహెచ్‌సీలో అడగండి. అక్కడ తీసిన రక్తాన్ని తెలంగాణ డయాగ్నొస్టిక్స్ హబ్‌కు పంపుతారు, ఫీజు తీసుకోరు.

గోలీల వేళలు

ఇక్కడ కాస్త ఓపిగ్గా చదవండి. థైరాయిడ్ మందగించినవాళ్ళు వేసుకునే గోలీ థైరోనార్మ్ కానీ ఎల్ట్రాక్సిన్ కానీ, లోపల ఉండేది లెవోథైరాక్సిన్ అనే హార్మోనే. పరగడుపున వేసుకోమని చీటీ మీద రాసే ఉంటుంది. కానీ పరగడుపు అంటే ఇంకా టిఫిన్ చేయలేదని మాత్రమే అనుకుంటారు మనవాళ్ళు. "పొద్దుగాల చాయ్ తోని ఏసుకుంట అక్కా, ఏం తిననుగా" అంటారు. చాయ్ కూడా లెక్కలోకి వస్తుంది, కాఫీ అయితే మరీను. ఉత్త నీళ్ళతో వేసుకుని, కనీసం అరగంట, వీలైతే గంట ఆగి చాయ్ తాగాలి. పొద్దున లేవగానే పొయ్యి దగ్గర చాయ్ గిన్నె పెట్టే అలవాటు మారదు కాబట్టి నేను చెప్పే ఉపాయం ఒకటి. గోలీ డబ్బా, చిన్న నీళ్ళ సీసా మంచం పక్కనే పెట్టుకోండి. కళ్ళు తెరవగానే వేసుకుని, ముఖం కడిగి, వాకిలి ఊడ్చి ముగ్గు పెట్టి వచ్చేసరికి ఆ టైం గడిచిపోతుంది.

క్యాల్షియం, ఐరన్ రెండూ ఈ గోలీని పేగుల్లోనే పట్టేసుకుంటాయి, రక్తంలోకి సరిగా చేరనీయవు. నాలుగు గంటల తేడా ఉండాలి. పొద్దున 6 గంటలకు థైరాయిడ్ గోలీ, మధ్యాహ్నం అన్నం తిన్నాక క్యాల్షియం, రాత్రి ఐరన్ అనుకుంటే గుర్తుంచుకోవడం తేలిక. క్యాల్షియం, ఐరన్ ఒకదానికొకటి కూడా పడవు కాబట్టి వాటినీ విడిగానే ఉంచండి. డైజీన్ లాంటి గ్యాస్ మందుకూ అదే నాలుగు గంటలు.

పాన్-40 అనే గ్యాస్ గోలీ సంగతి వేరు. అదీ పరగడుపునే, ఇదీ పరగడుపునే, ఏది ముందని రోజూ ఎవరో ఒకరు అడుగుతారు. థైరాయిడ్‌ది ముందు వేసుకోండి. అయితే పాన్-40 వేసుకుంటే కడుపులో ఆమ్లం రోజంతా తక్కువగానే ఉంటుంది. థైరాయిడ్ గోలీ కరగడానికి ఆ ఆమ్లం కావాలి. కాబట్టి వేళ మార్చినంత మాత్రాన పని కాదు. నెలల తరబడి గ్యాస్ గోలీ వాడుతున్నామని థైరాయిడ్ డాక్టరుకు చెప్పండి, ఆయన టీఎస్‌హెచ్ చూసి డోసు సరిచేస్తారు.

పొద్దున అస్సలు కుదరనివాళ్ళు రాత్రి తిన్న మూడు గంటల తర్వాత పడుకునే ముందు వేసుకోవచ్చు. రంజాన్ నెలలో చాలామంది ఇలాగే మార్చుకుంటారు, డాక్టరుకు ఒక మాట చెప్పి. ఏకాదశి ఉపవాసం అని గోలీ మానేసేవాళ్ళకు మా అత్తమ్మ మాటే నేనూ చెబుతాను: దేవుడు గోలీ వద్దనలేదు. ఒకరోజు మరిచిపోతే కంగారు పడకండి, ఈ మందు ఒంట్లో సగానికి తగ్గడానికే దాదాపు వారం పడుతుంది. అదే కారణంతో డోసు మార్చిన పది రోజులకే పరీక్ష చేయిస్తే ఏమీ తెలియదు, ఆరు నుంచి ఎనిమిది వారాలు ఆగాలి. కంపెనీ మారినా అంతే.

వేసవిలో డబ్బాను వంటింటి గట్టు మీద, కిటికీలో పెట్టొద్దు, వేడికి మందు బలం తగ్గిపోతుంది.

హార్మోన్ గోలీ మొదలుపెడితే

ఆవిర్లు భరించలేక గైనకాలజిస్టు ఈస్ట్రోజెన్ రాస్తే, అంతకు ముందే థైరాయిడ్ గోలీ వాడుతున్నవాళ్ళు ఆ మాట వెంటనే చెప్పాలి. నోటితో మింగే ఈస్ట్రోజెన్ కాలేయంలో ఒక ప్రోటీన్‌ను పెంచుతుంది. అది రక్తంలో తిరిగే థైరాయిడ్ హార్మోన్‌ను పట్టి ఉంచుతుంది, ఒంటికి అందేది తగ్గుతుంది. గ్రంథి బాగున్నవాళ్ళలో అది కాస్త ఎక్కువ తయారుచేసి సర్దుకుంటుంది. గోలీ మీద బతికేవాళ్ళలో సర్దుకునేది లేదు, డోసు పెంచాల్సి రావచ్చు. మొదలుపెట్టిన ఆరు నుంచి పన్నెండు వారాల్లో టీఎస్‌హెచ్ చూడాలి. ఆపేసినప్పుడూ మళ్ళీ చూడాలి, లేకపోతే పెంచిన డోసు మిగిలిపోతుంది. చర్మానికి అంటించే ప్యాచ్, రాసుకునే జెల్‌తో ఈ చిక్కు ఉండదు. ఆడవాళ్ళ డాక్టరుకు థైరాయిడ్ గోలీ చూపించరు, థైరాయిడ్ డాక్టరుకు హార్మోన్ గోలీ చూపించరు. మీరు వాడే అన్ని స్ట్రిప్పులనూ ఒకే ఫొటో తీసి ఫోన్‌లో ఉంచుకుంటే ఇద్దరికీ చూపించవచ్చు.

గర్భసంచి తీయించుకున్నవాళ్ళు

మన రెండు తెలుగు రాష్ట్రాల్లో ఈ ఆపరేషన్ దేశంలో మిగతా చోట్ల కంటే చాలా ఎక్కువ. ముప్పయ్యేళ్ళకే చేయించుకున్నవాళ్ళు నర్సంపేట, ములుగు వైపు నుంచి ఎందరో వస్తారు. "ఆపరేషన్ అయింది, నాకు మెనోపాజ్ అయిపోయినట్టే" అంటారు. అండాశయాలు ఉంచారా, తీశారా అని అడిగితే చాలామందికి తెలియదు. ఉంచితే డేట్లు రావు గానీ హార్మోన్లు పనిచేస్తూనే ఉంటాయి, ఆవిర్లు తర్వాతెప్పుడో వస్తాయి. రెండూ తీసేస్తే ఆపరేషన్ అయిన కొద్ది రోజులకే మెనోపాజ్. అంత చిన్న వయసులో అయితే ఎముకల గురించి, హార్మోన్ల గురించి డాక్టరుతో తప్పకుండా మాట్లాడాలి. డిశ్చార్జి కాగితం వెతికి ఇంట్లో చదివినవాళ్ళతో చదివించుకోండి. అది తెలియకపోతే నీరసం ఏ ఖాతాలో వేయాలో ఎవరూ చెప్పలేరు.

డోసు పెంచమని అడగొద్దు

సన్నబడతామని 75 ఎంసీజీ బదులు 100 ఇవ్వమంటారు కొందరు. ఇవ్వను. డోసు ఎక్కువై టీఎస్‌హెచ్ అట్టడుగుకు పోతే గుండె లయ తప్పుతుంది, ఎముకలు గుల్లబారతాయి. ఈస్ట్రోజెన్ తగ్గడంతో ఎముకలు అప్పటికే పలచబడుతుంటాయి, దాని మీద ఇది ఇంకో దెబ్బ. బరువు తగ్గడానికి ఆ గోలీ మందు కాదు.

తిండి విషయంలో పెద్దగా చెప్పేదేమీ లేదు. ఉడికించిన క్యాబేజీ మామూలుగా తినండి, ఏమీ కాదు. అయోడైజ్డ్ ఉప్పు మానేసి సైంధవ లవణానికి మారొద్దు, అందులో మనకు కావలసినంత అయోడిన్ ఉండదు. మీల్‌మేకర్ గోలీ వేళకు దూరంగా తినండి. నువ్వులు, రాగులు, పెరుగు క్యాల్షియానికి మంచివే.

నెలసరి ఆగి ఏడాది దాటాక మళ్ళీ బ్లీడింగ్ కనిపిస్తే, చుక్క అయినా సరే, థైరాయిడ్ తేడా అనో వేడి చేసిందనో ఇంట్లో కూర్చోవద్దు. ఆ వారమే గైనకాలజిస్టును కలవండి. ఇంకా ఆగకముందే గుడ్డలు తడిసిపోయేంత, గడ్డలు గడ్డలుగా అవుతున్నా పోవాలి. థైరాయిడ్ మందగించినా అలా అవుతుంది, ఫైబ్రాయిడ్ల (గర్భసంచిలో పెరిగే కణుతుల) వల్లా అవుతుంది, కారణం ఏదైనా ఒంట్లో రక్తం మాత్రం తగ్గిపోతుంది. మన రాష్ట్రంలో 2023 మార్చి 8న ఆరోగ్య మహిళ క్లినిక్‌లు మొదలుపెట్టారు, మంగళవారాల్లో ఆడవాళ్ళకు మాత్రమే, మెనోపాజ్ ఇబ్బందులకు కూడా. మీకు దగ్గర్లో ఎక్కడుందో ఆశా కార్యకర్తను అడిగి, పాత థైరాయిడ్ రిపోర్టులన్నీ ఒక సంచిలో వేసుకుని వెళ్ళండి.