చేప కడుపుల తెల్ల పట్టీ పురుగు కనపడితే ఏం చెయ్యాలె

ఎండాకాలం నీళ్లు తగ్గి వలలు పడే టైముల పొట్ట ఉబ్బిన చేపను కోస్తే ఒక్కోసారి లోపలికెళ్లి తెల్లగ నవారు పట్టీ లెక్క పురుగు బయటికొస్తది, చూసినోళ్లు ఛీ అని పేగులు, పురుగు అన్నీ కలిపి కట్ట మీదనో నీళ్లలనో పారేస్తరు. అన్నిటికంటే ముందు మానాల్సింది ఆ పనే. నల్లగొండ, పాలమూరు దిక్కు చేపల సొసైటీ అన్నలు, కుంటలల్ల చేప పిల్లలు పెంచేటోళ్లు జర పూర్తిగ చదవుండ్రి.

ముందుగాల గుర్తు పట్టుడు. ఈ బద్దెపురుగు పేరు లిగులా. చేపల ఇది పేగుల లోపల ఉండదు, పేగుల బయట, పొట్ట ఖాళీల మడతలు మడతలుగ పడి ఉంటది. జానెడు నుంచి మూరెడు దాకా ఉంటది, చదునుగ, పాల తెలుపు, చేప తాజాగ ఉంటే పురుగు ఇంకా మెల్లగ ముడుచుకుంట సాగుకుంట కదులుతది. కొవ్వు అనుకునేరు, కొవ్వైతే వేళ్ల మధ్య నలిగిపోతది, ఇది సాగుతది. పొట్ట ఉబ్బి పొలుసులు నిక్కబొడుచుకుంటే అది నీరు పట్టిన రోగం, వేరే సంగతి. కండల, చర్మం కింద పసుపు గింజలు కనపడితే అవి కూడా బద్దెపురుగులు కావు, నత్తల నుంచి వచ్చే ఇంకో జాతి పురుగు పిల్లలు.

రవ్వ, బొచ్చె, బంగారు తీగ, పరకలు, అంటే కార్పు జాతిలనే చూడాలె, కొర్రమీనుల మామూలుగ ఉండదు. పరకలను తప్పకుండ కోసి చూడుండ్రి, ఎందుకంటే ఈ పురుగు ఉన్న చేపకు గుడ్లు తయారు కావు, మెదడు కింద ఉండే పిట్యూటరీ గ్రంథి పని మీదనే దెబ్బ కొడ్తది. రవ్వ, బొచ్చె మన చెరువు నిలవ నీళ్లల్ల ఎట్లాగు గుడ్లు పెట్టయి, అందుకే వాటిల తేడా తెల్వదు, పరకలల్ల మాత్రం గుడ్ల సీజన్ల కూడా గుడ్లు లేకుండ తెల్ల పట్టీ ఒక్కటే దొరుకుతది.

ఇది తిరిగే దారి తెలిస్తే ఎక్కడ ఆపాలెనో అర్థమైతది. నీటికాకి, బుడబుంగ లాంటి చేపలు తినే పిట్టల పేగులల్ల పెద్ద పురుగు ఉంటది, రెట్టల గుడ్లు నీళ్లల పడ్తయి, అవి పగిలి వచ్చిన పిల్లలను కోపిపాడ్ అనే కంటికి ఆనీ ఆనని నీటి పురుగు మింగుతది, దాన్ని చేప తింటది, చేప పొట్టల ఇది నెలల తరబడి పెరుగుతది. పొట్ట బరువైన చేప లోతుకు పోలేక ఒడ్డు పొంటి మీద మీదనే మెల్లగ తిరుగుతది, పిట్టకు అదే ముందు దొరుకుతది. పెరుగుడంతా చేపలనే అయిపోతది కాబట్టి పిట్టల పోయినంక రెండు మూడు రోజులల్లనే గుడ్లు మొదలుపెడ్తది, కొద్ది రోజులకే సచ్చిపోతది. అంటే మనం తాజా పేగులు కట్ట మీద ఏస్తే, బతికున్న పురుగును మనమే పిట్ట నోట్ల పెడుతున్నట్టు.

అందుకే కోసిన జాగనే డబ్బా పెట్టుకోని పేగులన్నీ అండ్ల ఏసి, కుక్కలు తవ్వకుండ లోతుగ పాతిపెట్టుండ్రి, పైన సున్నం చల్లుండ్రి. బాతులకు ఎట్టి పరిస్థితిల ఏయొద్దు, బాతు పేగులల్ల కూడా ఇది పెద్దగైతది. మీద తేలుకుంట తిరిగే ఉబ్బిన చేపలను కనపడంగనే విసురు వలతోని తీసెయ్యాలె. ఒక చెరువు పిల్లలను ఇంకో చెరువుల ఇడిసే ముందు కొన్ని కోసి చూడాలె, పురుగుంటే ఆ లాటు కదిలించొద్దు. నర్సరీ కుంటలకు పైన వల కప్పొచ్చు, ఎండాకాలం నీళ్లు తీసి అడుగు నెర్రెలు పట్టే దాకా ఎండబెట్టొచ్చు. ఉదయసముద్రం, కోయిల్‌సాగర్, డిండి లాంటి పెద్ద రిజర్వాయర్ల నీళ్లల్ల ఇవేవీ నడవయి, మందు కలుపుడు అసలే నడవదు, అక్కడ చేతిల ఉన్నది పేగులు పాతిపెట్టుడు, జబ్బు చేపలు ఏరుడే. పిట్టలను కొట్టుడు, విషం పెట్టుడు మాత్రం వద్దు, 1972 వన్యప్రాణి చట్టం కింద కేసైతది, పైగ అవి తినేది ఎక్కువ తేలిగ్గ దొరికే చేపలనే.

తినొచ్చా అని అందరూ అడుగుతరు. ఈ పురుగు మామూలుగ మనిషికి పట్టేది కాదు, పొట్టల ఉంటది కాబట్టి పేగులతోని పోతది, కండను మంచిగ కడిగి పులుసు బాగ మరగనిస్తే భయం లేదు. సగం కాల్చిన చేప మాత్రం వద్దు, మనిషికి పట్టే వేరే చేప పురుగులు ఉన్నయి. పొట్ట పగిలి కుళ్లు వాసన వస్తుంటే మాత్రం పారేయుండ్రి, పారేసుడంటే పాతిపెట్టుడే.

ఒకటి రెండు కాదు చాన చేపలల్ల కనపడితే, పొట్ట ఉబ్బిన ఇంకో చేపను కొయ్యకుండ అట్లనే ఐస్ మీద పెట్టి జిల్లా మత్స్యశాఖ ఆఫీసుకు తీసుకపోండ్రి, చెరువు పేరు, పట్టిన తారీఖు, పిల్లలు ఎక్కడికెళ్లి తెచ్చిండ్రో చీటి మీద రాసి కవర్ల ఏసుండ్రి.