పారేసిన తిండి అసలు ఖరీదు లెక్కకట్టడం ఎలా?

పెద్ద వంటశాలల ఖర్చుల లెక్కలు చూడడం నా పని. అక్కడ ప్రతి సరుకుకూ ‘తరుగు’ అని విడిగా రాస్తాం. ఇంటి జమాఖర్చుల్లో మాత్రం ఆ గడి ఎవరూ పెట్టరు. నిజానికి దాని అవసరం ఇళ్లలోనే ఎక్కువ. ఐక్యరాజ్యసమితి పర్యావరణ కార్యక్రమం 2024లో ఇచ్చిన నివేదిక ప్రకారం, 2022లో దుకాణాలు, హోటళ్లు, ఇళ్లు కలిపి వృథా చేసిన తిండి 105 కోట్ల టన్నులు. అందులో దాదాపు 60 శాతం ఇళ్లదే.

ఒక చిన్న కాటా, రెండు డబ్బాలు చాలు. తొక్కలు, గింజలు, ఎముకలు ఒక డబ్బాలో వేయండి, వాటిని లెక్కలోకి తీసుకోకండి. తినదగినవి పారేస్తే రెండో డబ్బాలో వేసి తూచండి. మామూలుగా గడిచే ఒక వారం చూసుకోండి, ఇంటి నిండా చుట్టాలున్న వారం వద్దు. ఏమిటి, ఎంత అన్న వాటితో పాటు ఎందుకు పారేశామో కూడా రాయాలి. ఎక్కువ వండామా, కొని మరిచిపోయామా, ఎవరికీ నచ్చలేదా? చాలామంది వదిలేసేది ఈ గడినే, రేపు పనికొచ్చేదీ ఇదే.

ఇప్పుడు ధర. కొన్న ధరను, అందులో నిజంగా తిన్న భాగంతో భాగించండి. నాలుగో వంతు పారేశారనుకుందాం. తిన్న మూడు వంతులకే మొత్తం డబ్బు పడింది కాబట్టి, తిన్నదాని ధర మూడో వంతు పెరిగినట్టు. సగం పారేస్తే రెట్టింపు. ‘ఎక్కువ కొంటే 25 శాతం తగ్గింపు’ అన్న బోర్డు చూసినప్పుడు ఈ లెక్క గుర్తుంచుకోండి. తెచ్చినదాంట్లో నాలుగో వంతు పాడైతే మీరు కొన్నది మామూలు ధరకే. మోత కూలి అదనం!

వండినది పారేస్తే లెక్క ఇంకా పెరుగుతుంది. పచ్చి కూరగాయ పోతే దాని ధరే పోతుంది. కూర పోతే నూనె, మసాలా, గ్యాస్ కూడా పోయినట్టే. అందుకే రెండింటినీ వేరుగా రాస్తాను. వండిన వాళ్ల సమయానికి కూడా జీతం కట్టాలనేవాళ్లున్నారు. ఇంటి లెక్కలో అది అంకె పెంచుకోవడమే అని నా అభిప్రాయం. నిమిషాలు రాసుకుంటే చాలు.

వారం చివర జాబితాను బరువును బట్టి కాకుండా డబ్బును బట్టి పేర్చండి. కంటికి కనబడేది పెద్ద కుప్పే, కానీ చిన్న మాంసం ముక్కో జున్ను ముక్కో దానికన్నా ఖరీదైనది కావచ్చు. పైనున్న రెండు మూడు సరుకుల సంగతి ముందు చూడండి, మిగతావి తర్వాత.

తేదీ చూసి పారేసేవి ఎక్కువగా ఉంటే ముద్రించిన మాట చదవండి. ‘బెస్ట్ బిఫోర్’ నాణ్యతకు సంబంధించినది, ఆ తేదీ దాటగానే పాడైపోయిందని కాదు. ‘యూజ్ బై’ భద్రత కోసం, దానితో పంతం వద్దు. ఫ్రిజ్ 5 డిగ్రీలు దాటకుండా చూసుకోండి. వండింది మిగిలితే రెండు గంటల్లోపు లోపల పెట్టండి. పాడైనది తిని డాక్టరుకు కట్టే ఫీజు ఏ పొదుపులోకీ రాదు.

మిగిలిందని కడుపు నిండాక కూడా కుక్కుకుంటే ఒక్క రూపాయీ వెనక్కి రాదు. ఆ డబ్బు కొన్నరోజే పోయింది. ఆ మిగిలినది రేపటి వంటను తగ్గిస్తేనే, రేపటి కొనుగోలును తగ్గిస్తేనే ఆదా. కాబట్టి ఫ్రిజ్‌లో ఉన్నవాటి చీటీ, కొనాల్సినవాటి చీటీ పక్కపక్కన పెట్టుకోండి. వారంలో ఎంత పారేశారో, ఈసారి ఆ సరుకు అంత తగ్గించి తెండి. మధ్యలో అయిపోతే తగ్గించినదాంట్లో సగం మళ్లీ కలపండి. సరిపోతే అదే మీ ఇంటి కొలత, రాసి పెట్టుకోండి.